ఖాళీ బాటిల్‌లో మిగిలింది

మౌనమునిగారికి,

ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే స్కూటర్ మీద లాబ్‌కి వెళ్ళొస్తూ, నీకు ఉత్తరం రాయాల్సి రావడం నా ఖర్మ అనను. ఖర్మను నేను నమ్మను. ఇది పూర్తిగా నీ స్వయంకృషి. ఇంట్లో నోరు తెరిస్తే "ఆఫీసు గొడవలు గుమ్మం బయట వదిలెయ్" అంటావు. ఆఫీసులో నోరు తెరిస్తే "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అంటావు. పోనీ దారిలో చెబుదామంటే హెల్మెట్‌లోకి వినపడదంటావు. అందుకని ఇంటికీ ఆఫీసుకీ చెందని చోటొకటి కనిపెట్టాను. ఈ కాగితాన్ని నీ టీ కప్పు కింద పెడుతున్నాను. దీనికి మధ్యలో అడ్డం రాలేవు. "సరే సరే" అంటూ లేచిపోయినా, నువ్వు తిరిగొచ్చేదాకా ఇది ఇక్కడే ఉంటుంది.

విషయం నీకు తెలుసు. అయినా మొదట్నుంచి చెబుతాను, ఎందుకంటే తెలిసినవాటిని తెలియనట్టు పక్కన పెట్టడంలో నీ అంత నేర్పరి మన లాబ్‌లో లేడు. పాత బ్యాటరీలు పగలగొట్టే యార్డు వెనక సందులో ఒక బడి ఉంది. ఆ బడిలో ఒక బోరు, ఆ బోరుకొక కుళాయి. పిల్లలు కడుపునొప్పి అంటున్నారని, పాఠం చెబుతుంటే కళ్ళు తేలేస్తున్నారని అక్కడి టీచరమ్మ మన లాబ్‌కి దరఖాస్తు పెట్టింది. మన వాన్ వెళ్ళింది, మన బాటిళ్ళలో నీళ్ళు తెచ్చింది, మన మెషిన్ చూసింది. సీసం లేదు. మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ లేదు. నా సొంత పద్ధతిలోనూ చూశాను. సబ్బు జాతి మందు, ఆ సర్ఫాక్టెంటు, నాలుగు చుక్కలు వేసి, సీసాన్ని పట్టుకునే మందు ఇంకొకటి కలిపి, వేడి నీళ్ళ తొట్టిలో పెడితే నీళ్ళు మబ్బు పట్టినట్టు తెల్లబడతాయి. గిర్రున తిప్పితే ఆ మబ్బంతా అడుగున జిగురు బొట్టులా దిగుతుంది. గ్లాసెడు నీళ్ళలో చెదిరిపోయి ఉన్న సీసమంతా ఆ ఒక్క బొట్టులోకి చేరుతుంది. ఎంత తక్కువున్నా దాక్కోలేదు. ఆ బొట్టులో కూడా లెక్కకొచ్చేంత లేదు.

టీచరమ్మ ఊరుకోలేదు. పొద్దున్నే కుళాయి నీళ్ళు ఒక జ్యూస్ బాటిల్‌లో పట్టుకుని, ఆటో ఎక్కి, నేరుగా నా బల్ల దగ్గరికొచ్చింది. "మేడమ్, మీ వాన్‌కి దొరకనిది నాకు దొరుకుతుందేమో, ఒకసారి చూడండి" అంది. బాటిల్‌లోనే యాసిడ్ చుక్కలేసి, అప్పటికప్పుడు చూశాను. సీసం ఉంది. ఏదో ఉందిలే అన్నట్టు కాదు, పిల్లలు తాగకూడనంత ఉంది.

ఆ బాటిల్ పట్టుకుని మీటింగ్‌కి వచ్చాను. నువ్వేమన్నావో గుర్తుందా? నాకైతే ఒక్క అక్షరం పోలేదు. "దాని మీద మామిడిపండు బొమ్మ ఉంది. మనం నీళ్ళు పరీక్ష చేస్తున్నామా, జ్యూసా?" అన్నావు. గది గదంతా నవ్వింది. తర్వాత పక్కనున్న పెద్దమనిషి వైపు వంగి, నాకు వినపడదనుకుని, "ఆవిడకి కాస్త ఆవేశం ఎక్కువ" అన్నావు. ఆవిడ. చదువుకునే రోజుల నుంచీ నన్ను 'సైరన్' అని పిలిచేవాడివి, పదిమందిలో 'ఆవిడ' అన్నావు.

నా ఆవేశం సంగతి తర్వాత చూద్దాం. ఆడది లెక్క చూపిస్తే ఆవేశం, మగాడు లెక్క దాచిపెడితే సంయమనం. ఈ నిఘంటువు ఎవరు రాశారో నాకు తెలుసు. ఇప్పుడు నాకు కావలసింది ఒక్కటే. ఆ బడి హెడ్‌మాస్టరు కుళాయి ఆపడు. "లాబ్ రిపోర్టులో లేదని ఉందిగా, జ్యూస్ బాటిల్ చూసి బోరు మూయమంటారా?" అంటున్నాడు. నీ సంతకమున్న కాగితం ఒకటి ఆ కుళాయిని తెరిచి ఉంచుతోంది. దాన్ని వెనక్కి తీసుకో.

నీ ఆవేశపరురాలు,
సైరన్

*

సారుగారికి,

నా ఉత్తరం టీ మరకతో వెనక్కొచ్చింది. మూలన "చూశాను" అని రాసి, కింద పొట్టి సంతకం పెట్టావు. కట్టుకున్న పెళ్ళాం రాసిన ఉత్తరం మీద ఫైలు మీద పెట్టినట్టు సంతకం పెట్టిన మొగుడు ప్రపంచంలో నువ్వొక్కడివే అయుంటావు. తేదీ కూడా వేశావు. మెచ్చుకుంటున్నాను.

ఇదీ చూడు మరి.

మొన్న మధ్యాహ్నం బాటిళ్ళు కడిగే గదికి వెళ్ళాను. బడికి వాన్ మళ్ళీ వెళ్ళి తెచ్చిన నీళ్ళు అప్పటికే గాజు ఫ్లాస్కుల్లోకి ఒంపేశారు, ఖాళీ బాటిళ్ళు సింకు పక్కన వరుసగా ఉన్నాయి. బాటిళ్ళక్క జాకెట్టు చేతులు పైకి మడిచి సబ్బు నురుగు లేపుతోంది.

"అక్కా, ఆ బాటిళ్ళు కడగొద్దు. నాకు కావాలి."

"ఖాళీవే కదమ్మా. ఏం చేసుకుంటారు, ఇంట్లో నూనె పోసుకుంటారా?"

"పోసుకుంటే మా ఆయన గుడ్లురుముతాడు."

"సారుగారా? ఆయన కళ్ళెత్తి చూడగా మేమెప్పుడూ ఎరగం. మీకైనా ఆ భాగ్యం దక్కిందన్నమాట."

"అది సరే గాని, కడిగాక వీటిలో యాసిడ్ చుక్కలు వేసేది నువ్వేగా?"

"అదెప్పటి మాటమ్మా. యాసిడ్ ఈ గదిలోకే రాకూడదని కాగితం వచ్చిందిగా. అప్పట్నుంచీ సబ్బే. చేతులు బాగుపడ్డాయి, చూడండి."

చూశాను. నిజంగానే బాగుపడ్డాయి. ఒకప్పుడు ఆ వేళ్ళ చర్మం ఉల్లిపొరలా లేచిపోయేది. నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. "ఏమ్మా, కళ్ళు తిరిగాయా, మంచినీళ్ళు ఇమ్మంటారా?" అంది. ఆ క్షణంలో మంచినీళ్ళు అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండింది.

అర్థమైందా నీకు? వాన్ వాళ్ళని అడిగితే "చుక్కలు వేయడం వాషింగ్ వాళ్ళ పని, బాటిల్ మా చేతికి తయారుగా వస్తుంది" అన్నారు. వాషింగ్‌కి యాసిడ్ నిషేధం. మనమేమో నీళ్ళు ఫ్లాస్కులోకి ఒంపాక యాసిడ్ వేస్తున్నాం కదా, అంతా సవ్యంగా ఉందనుకున్నాం. ఎవరికి వాళ్ళం మన పని శ్రద్ధగా చేశాం. ఆ శ్రద్ధకు దణ్ణం పెట్టాలి.

ఖాళీ బాటిల్‌లో కాస్త యాసిడ్ నీళ్ళు పోసి, మూత పెట్టి, గోడలన్నీ తడిసేలా తిప్పి, ఆ కడుగునీళ్ళు పరీక్షించాను. బడి బోరు సీసమంతా అక్కడుంది. నీళ్ళలో లేదు, బాటిల్ గోడకు పట్టుకుని కూర్చుంది. తర్వాత నేనే సీసం కలిపిన నీళ్ళు తయారుచేసి, రెండు బాటిళ్ళలో పోసి ఒక రోజు ఉంచాను. యాసిడ్‌తో కడిగి చుక్కలు వేసినదాంట్లో సీసం నీళ్ళలోనే ఉంది. సబ్బుతో కడిగినదాంట్లో నీళ్ళు తేటగా ఉన్నాయి, సీసం గోడ మీద ఉంది. మనం రోజూ ఏం చేస్తున్నామంటే, తేట నీళ్ళు ఒంపుకుని పరీక్షించి, విషం ఉన్న బాటిల్‌ని బాటిళ్ళక్క చేతిలో పెట్టి కడిగిస్తున్నాం. తర్వాత తెల్లకాగితం మీద "లేదు" అని రాస్తున్నాం. నా గొప్ప మబ్బు పద్ధతి కూడా ఆ తేట నీళ్ళలోనే వెతికింది. గదిలో లేని మనిషి కోసం గది నాలుగు మూలలా టార్చి కొట్టినట్టు.

ఇప్పుడు నాకు తిక్క పుట్టించే సంగతికి వస్తాను. నీ డాక్టరేట్ దేని మీద? మట్టికి సబ్బు పూత పూస్తే నీళ్ళలోని సీసాన్ని పట్టుకుంటుందని. పూత రేణువు ఒక చివర మట్టిని కరుచుకుంటుంది, రెండో చివర నీళ్ళవైపు చెయ్యి చాచి సీసాన్ని లాక్కుంటుందని నాలుగేళ్ళు పగలనక రాత్రనక చెప్పావు. పెళ్ళిచూపుల్లో మా అమ్మకి కూడా చెప్పావు. ఆవిడ "అబ్బాయి మట్టి గురించి మాట్లాడుతున్నాడు, వ్యవసాయమా?" అని అడిగింది. అలాంటివాడివి, మట్టికి బదులు ప్లాస్టిక్, పూతకు బదులు సరిగా వదలని సబ్బు పొర ఉంటే ఏం జరుగుతుందో నీకు తట్టలేదంటే నేను నమ్మాలా? నీ సిద్ధాంతం మన బాటిళ్ళలో మూడేళ్ళుగా అద్భుతంగా పనిచేస్తోంది. నీకు తప్ప అందరికీ సన్మానం చేయాలి.

ఇది ఒక్క బడి సంగతి కూడా కాదు. ఆ కాగితం వచ్చినప్పట్నుంచీ మనం "సీసం లేదు" అని రాసిన ప్రతి రిపోర్టూ చెల్లదు. ప్రతి కుళాయి మళ్ళీ చూడాలి. సంస్థ పరువు, పైవాళ్ళు ఏమంటారు, ఇవన్నీ నాకు చెప్పకు. పరువు అనేది తాగే వస్తువు కాదు.

ఈసారి "చూశాను" అని రాశావంటే ఆ టీ కప్పు కింద ఉత్తరం ఉండదు, టీ కూడా ఉండదు.

సైరన్

*

సైరన్‌కి,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. నోట్ రాసినట్టు ఉంటే క్షమించు.

నాకు తట్టింది. మీటింగ్‌లోనే తట్టింది. నువ్వు మామిడిపండు బొమ్మ బాటిల్ బల్ల మీద పెట్టినప్పుడు, ఈ బాటిల్‌కి సబ్బు తగలలేదు కదా అనిపించింది. ఆ వెంటనే ఆ జోకు వేశాను. ఎందుకు వేశానంటే, అందరూ ఆ బాటిల్ గురించి ఆలోచించడం మొదలుపెట్టకూడదని. నవ్వితే మనుషులు ఆలోచించరు. ఆ సాయంత్రమే, ఇంకా కడగని బడి బాటిళ్ళు యాసిడ్‌తో తిప్పి చూశాను. నువ్వు ఇప్పుడు చూసింది నేను ముందే చూశాను.

యాసిడ్ ఆపమన్న ఆర్డరు ఫైలు తెరిచి చూడు. మొదటి కాగితం నీ పిటిషన్. బాటిళ్ళక్క చేతుల గురించి నువ్వు రాసి, అందరిచేతా సంతకాలు పెట్టించింది. ఆర్డరు మొదటి వాక్యం "సిబ్బంది విజ్ఞప్తి మేరకు" అని ఉంటుంది. ఈ తప్పు బయటపడిన రోజు విచారణకు వచ్చేవాళ్ళు ముందు తెరిచేది ఆ కాగితమే. పిల్లలు సీసం తాగడానికి కారణం ఒక కెమిస్టు ఆవేశం, పనివాళ్ళ గొడవ అని రాస్తారు. అలా రాయడానికి ఎదురుచూస్తున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో నీకే బాగా తెలుసు. ఆడవాళ్ళ గురించి, పనివాళ్ళ గురించి నువ్వు రాసే వ్యాసాలు చదివి పళ్ళు నూరేవాళ్ళు ఆ మీటింగ్‌లోనే ఇద్దరు కూర్చున్నారు.

అందుకే చడీచప్పుడు లేకుండా సర్దుదామనుకున్నాను. వచ్చే వారం చుక్కలు మళ్ళీ మొదలుపెడతాం, కొత్త శాంపిల్ తెస్తాం, కొత్త రిపోర్టులో సీసం ఉందని రాస్తాం. పాతవాటి మాట ఎవరూ ఎత్తరు. కుళాయి మూతపడుతుంది, నీ పేరు రాదు.

'ఆవిడ' అన్నది తప్పు. అప్పుడే అనిపించింది.

నీ
ముని

*

నా మునికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివి ఏడ్చాను, రెండోసారి చదివి ఆ ఏడుపు వెనక్కి తీసుకున్నాను.

నన్ను కాపాడమని నిన్నెవరు అడిగారు? గొడుగు పట్టావు, బాగుంది. ఆ గొడుగు నీడ కొలిచి చూశావా, ఎంతమంది పిల్లలు బయట తడుస్తున్నారో? వచ్చే వారం అన్నావు. మీటింగ్ అయిన రోజు నుంచి నీకు తెలుసు. నేను అన్నంలో కూర కలుపుకుంటున్నప్పుడు, నువ్వు నా ఎదురుగా కూర్చుని పేపరు తిరగేస్తున్నప్పుడు, ఆ బడిలో గంట కొడితే పిల్లలు కుళాయి దగ్గరికి పరిగెత్తారు. నా పరువు వాళ్ళ కడుపులో పోసి దాచావు. దీన్ని ప్రేమ అంటారని నాకు చెప్పకు. ప్రేమే కావచ్చు. అయితే ఆ ప్రేమ ధర వేరేవాళ్ళు కడుతున్నారు.

ఇక ఆ పిటిషన్. ఫైలు తెరిచి చూడమన్నావుగా, చూశాను. నాదాకా ఎప్పుడూ రాలేదు గాని, మొదటి పేరా చదివి ఆపేసిన మనిషి రాసిన ఆర్డరు అది. రెండో పేరాలో నేనేం అడిగాను? యాసిడ్ ఆపమన్నానా? మోచేతిదాకా వచ్చే గ్లవుజులు ఇమ్మన్నాను, బాటిళ్ళు ఎత్తడానికి పట్టకారు ఇమ్మన్నాను, ఆ గదికి గాలి పోయే ఫ్యాను పెట్టమన్నాను. మీరు ఇచ్చింది సబ్బు పొడి. పనిమనిషి చేతుల్ని కాపాడటానికి పని పాడుచేయాలని, పని బాగుండాలంటే చేతులు కాలాలని, ఈ రెంటికీ మధ్య ఇంకో దారే లేనట్టు చేశారు. గ్లవుజులు అడిగితే యాసిడ్ తీసేసి, ఆ తప్పుని అడిగినవాళ్ళ నెత్తిన పెట్టడం పాత ఎత్తు. పళ్ళు నూరేవాళ్ళు ఆ ఎత్తు వేస్తారని నువ్వు భయపడ్డావు. నేను భయపడను. ఆ పిటిషన్‌ని నా కొత్త రిపోర్టుకి నేనే మొదటి కాగితంగా జతచేశాను. రెండో పేరా కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. ఇప్పుడు రమ్మను ఎవరొస్తారో.

బాటిళ్ళక్కకి కూడా చెప్పాను. దాచి చెప్పలేదు. కాసేపు చేతులు చూసుకుంది. "అయితే నా చేతులు బాగుపడ్డందుకా ఆ పిల్లలకి..." అని ఆగింది. "కాదు, గ్లవుజులు కొననందుకు" అన్నాను. "నాకు మీ లెక్కలు తెలియవమ్మా. గ్లవుజులు వస్తే యాసిడ్‌తో కడుగుతా, రాకపోతే కడగను. ఆ మాట కాగితం మీద రాయండి" అంది. రాశాను.

ఈ ఉత్తరం టీ కప్పు కింద పెట్టలేదని గమనించే ఉంటావు. బడిలో టీచర్ల గదిలో కూర్చుని రాస్తున్నాను. పొద్దున నువ్వు లేవకముందే వచ్చేశాను. బల్ల మీద ఏం పెట్టానో చూసే ఉంటావు. రిపోర్టు. ఆర్డరు వచ్చిననాటి నుంచి సీసం విషయంలో మన లాబ్ ఇచ్చిన ప్రతి కాగితం చెల్లదని, ఎందుకు చెల్లదో, ఎవరి ఆర్డరు వల్లో, అంతా రాశాను. కింద నా సంతకం పెట్టాను. దాని పక్కన ఖాళీ వదిలాను. నువ్వు పెట్టకపోయినా అది వెళ్తుంది, ఒక్క సంతకంతో వెళ్తుంది, అంతే తేడా. ఆ ఖాళీ నా మొగుడి కోసం వదలలేదు. ఆ రిపోర్టుల మీద సంతకాలు పెట్టినాయన కోసం వదిలాను.

హెడ్‌మాస్టరు ముందు వాదించాడు. "మేడమ్, లేదని రాసింది మీరే, ఉందని చెప్పేదీ మీరే. మేము దేన్ని నమ్మాలి?" అన్నాడు. మంచి ప్రశ్నే. జ్యూస్ బాటిల్ నమ్మమన్నాను. టీచరమ్మ ఆయన్ని పక్కకు జరిపి, కుళాయి పిడికి తీగ చుట్టి బిగించేసింది. చూస్తుండగానే పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు గుమిగూడారు. ఒక తల్లి నా ముఖంలోకి చూసి "ఎప్పట్నుంచమ్మా?" అని అడిగింది. ఇన్నేళ్ళు వేదికలెక్కి అరిచిన నోరు ఇది. కాస్త ఆగండి, లోపల కాగితం చూసి చెబుతానని అబద్ధం ఆడి, ఇక్కడికొచ్చి కూర్చుని, నీకు రాస్తున్నాను. తిట్టడానికి నువ్వు ఎదురుగా ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. అది నా బలహీనత, రాసిపెట్టుకో.

కిటికీలోంచి స్కూటర్ కనిపిస్తోంది.

నీదే. వెనక సీటు మీద బాటిళ్ళ పెట్టె కట్టుకుని వచ్చావు. ఒక్కదాన్ని తీసి వెలుతురుకి ఎత్తి చూస్తున్నావు, అడుగున యాసిడ్ చుక్కలు ఉన్నాయో లేదో. జేబులోంచి మడిచిన కాగితం బయటికి వచ్చి కనిపిస్తోంది. సంతకం పెట్టావో లేదో ఇక్కడ్నుంచి తెలియదు.

ఇందాకటి తల్లి నీ దగ్గరికి వెళ్ళింది. మీరెవరని అడుగుతోంది. నువ్వు నాలుగు మాటలు అతికించేలోపు సాయంత్రమవుతుందనుకున్నాను. కానీ ఇక్కడికి వినపడేంత గట్టిగా చెబుతున్నావు. "నీళ్ళు బాగున్నాయని సంతకం పెట్టింది నేనే. మూడేళ్ళుగా తప్పు రిపోర్టులు ఇచ్చాం. ఈ బడి నీళ్ళ సంగతి నాకు కొన్ని రోజుల ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు."

ఆ చివరి మాట చెప్పమని నేను అడగలేదు. నా రిపోర్టులోనూ రాయలేదు.

అందరూ ఒక్కసారిగా మాట్లాడుతున్నారు. ఒకాయన నీ కాలరు పట్టుకున్నాడు. నువ్వు విడిపించుకోవడం లేదు, చేతిలో బాటిల్ పడిపోకుండా మాత్రం చూసుకుంటున్నావు. ఆ తల్లి నా కిటికీ వైపు చూస్తోంది.

ఉండు, వస్తున్నాను. ఆ కాలరుకి రెండో చెయ్యి పడేలోపు నీ పక్కన ఉంటాను. నిన్ను విడిపించడానికి కాదు. వాళ్ళు అడిగే ప్రశ్నలు ఇద్దరికీ సరిపోతాయి.

నీ
సైరన్